బూడిద పూసిన జొన్నలు

నాకు దేవుడు లేడు. ఈ మాట మొదటే చెప్పేయడం మంచిది. ఈ రాతలో బైబిలు సంగతులు చాలా వస్తాయి కాబట్టి, చివరికి నేను మనసు మార్చుకొని మోకరిస్తానని ఎవరైనా ఎదురు చూడవచ్చు. అలాంటిది జరగదు. అయినా ఆ పుస్తకం మీద నాకు హక్కు ఉంది. నేను అక్షరాలు కూడబలుక్కున్నది దాంట్లోనే. ఆళ్లగడ్డకు కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న మా పేటలో ఇంటింటికీ ఉన్న పుస్తకం అదొక్కటే. ఊరి గుడి గడప తొక్కే వీలు లేని మా వాళ్ళకు ఆ పుస్తకం తెచ్చినవాళ్ళే బడి కట్టించారు, పిల్లల చేతికి పలకలిచ్చారు. ఆ మేలు నేను మరువను. మరువను కాబట్టే, దాన్ని అడ్డం పెట్టుకొని మా వాళ్ళ చేతిలోని ముద్దను లాక్కునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా గుడిలో, అంటే పేటలోని చర్చిలో, ఏటా కోతల పండుగ జరిగేది. జొన్న కోతలు ముగిసి, కళ్ళాలు ఊడ్చుకున్నాక ఒక ఆదివారం ప్రతి ఇంటివాళ్ళూ కొత్త పంటలో మొదటి భాగం తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెట్టాలి. సంఘ పెద్ద ఒక్కొక్క ఇంటి పేరే పిలుస్తాడు. పిలిచిన ఇంటి ఆడమనిషి లేచి, అందరూ చూస్తుండగా నడిచి వెళ్ళి, తెచ్చినది దించి వస్తుంది. జొన్న కంకుల కట్టలు, కొర్రలు, అనపకాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ప్రసంగం నడుస్తుంటే కోళ్ళు మధ్యమధ్య అరిచేవి. ఆరాధన అయ్యాక అన్నిటినీ గుడి వసారాలోకి తెచ్చి వేలం వేసేవారు. వచ్చిన దుడ్లు సంఘానివి.

చిన్నప్పుడు నాకు ఆ వేలం తిరునాళ్ళలా ఉండేది. ఒకాయన గుడ్డును పాడి కొని మళ్ళీ బల్లకే ఇచ్చేసేవాడు. దాన్ని ఇంకొకాయన పాడేవాడు. గుడ్డు చేతులు మారుతూనే ఉండేది. పాట పాడించే పెద్ద నవ్వించేవాడు: "బేగా పాడండప్పా, పొద్దెక్కితే ఈ గుడ్డు పిల్లయ్యి నడ్చుకుంటా పోతాది."

ఆ పండుగ నాడు ప్రసంగానికి రెండే కథలు. ఒకటి, పంట బాగా పండితే పాత ధాన్యపు కొట్లు పడగొట్టి పెద్దవి కట్టించాలనుకొని ఆ రాత్రే చనిపోయిన ధనవంతుడిది. రెండోది, ధనవంతులు గుడి కానుకల పెట్టెలో బరువుగా వేస్తుంటే తన దగ్గరున్న రెండు చిన్న కాసులూ వేసేసిన బీద విధవరాలిది. మొదటి కథ త్వరగా అయిపోయేది. రెండోది చాలాసేపు నడిచేది. మా పేటలో కొట్లున్నవాళ్ళు లేరు. విధవరాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు.

ఆ విధవరాళ్ళలో మా పెద్దమ్మ ఒకతె. మా అమ్మ నా పసితనంలోనే పోతే, అమ్మ అక్క అయిన ఈమే నన్ను పెంచింది. పెద్దనాయన నంద్యాల రైలు స్టేషనులో మూటలు మోసి, ఆ కూలితో కొన్న రెండెకరాల నల్లరేగడి చేను ఆమెకున్న ఆస్తి. ఆయన పోయాక ఎవరికీ గుత్తకివ్వకుండా తానే సాగు చేసింది. నన్ను నంద్యాలలో మిషను బోర్డింగు బడిలో చేర్పించింది.

డెబ్బైల మొదటి భాగంలో ఆ బడిలో నాకు రెండు వ్యసనాలు అంటుకున్నాయి, చదవడం, వాదించడం. మాకొక అయ్యవారు ఉండేవారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పిల్లలను రెండు వరుసలుగా కూర్చోబెట్టి, ఒక విషయమిచ్చి వాదించమనేవారు. సగం సేపయ్యాక పక్షాలు మార్చుకోమనేవారు. అంతవరకూ తిట్టినదాన్ని ఇప్పుడు సమర్థించాలి. ఆ పద్ధతి నా తలలో దీపం పెట్టింది. బాల్యవివాహాలు, అంటరానితనం, మూఢనమ్మకాలు, అన్నీ ఆ గదిలో చీల్చి ఆరబెట్టాం.

ఒకసారి విషయం ధనం. నేను ఒంటె మాట ఎత్తాను. ధనవంతుడు పరలోకంలో చేరడం కన్నా ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులువని ఏసు అన్నాడు కదా, మరి మన సంఘంలో ధనవంతులు ముందు వరుసలో ఎందుకు కూర్చుంటున్నారు అని అడిగాను. చూడడానికి వచ్చిన ఒక బోధకుడు నాకు జవాబు చెప్పాడు. సూదిబెజ్జమంటే సూది బెజ్జం కాదట. అది ఏసు కాలపు పట్టణం గోడలో ఒక చిన్న గవిని, అంటే ద్వారమట. ఒంటె మీది బరువు దించి, మోకాళ్ళ మీద నడిపిస్తే దూరిపోతుందట. ఆ జవాబుకు చాలామంది తల ఊపారు. నేను ఊపలేదు. తర్వాత ఏళ్ళ తరబడి దొరికినదల్లా చదివాను. అలాంటి గవిని ఉందనడానికి ఎక్కడా ఆధారం కనిపించలేదు. నాకు అర్థమైనది ఒకటే. ధనవంతుడికి ఇబ్బంది కలిగించే వాక్యం వస్తే పండితులు బెజ్జాన్ని వెడల్పు చేస్తారు. బీద విధవరాలి వాక్యం వస్తే ఏ పండితుడూ వెడల్పు చేయడు. ఆమెకు అలంకారాలు లేవు, గూఢార్థాలు లేవు. ఉన్నదంతా వేయమంటే వేయడమే.

అప్పటినుంచి నేను గుడికి వెళ్ళడం తగ్గించి, చివరికి మానేశాను. నంద్యాలలోనే బడిపంతులు పని దొరికింది. సాయంత్రాలు ఒక బట్టల కొట్టు అరుగు మీద మా చర్చలు జరిగేవి. కొట్టు యజమాని వైశ్యుడు, నియమంగా పూజ చేసుకునే మనిషి, కానీ వాదన వినడమంటే చెవి కోసుకునేవాడు. ఒకరోజు ఆయన నన్ను అడిగాడు, ధాన్యం దాచుకున్నవాడిని మీ పుస్తకం తప్పు పట్టిందే, కరువు సీమలో దాచుకోకపోతే తినేదేమిటని. మంచి ప్రశ్న. ఆ రాత్రి ఆ కథ మళ్ళీ చదివాను. దాచుకున్నందుకు అతన్ని తప్పు పట్టినట్టు నాకు కనిపించలేదు. అతడు ఎవరితోనూ మాట్లాడడు. తనలో తనే మాట్లాడుకుంటాడు. నా పంట, నా కొట్లు, నా ప్రాణం. ఆ కొట్లలోని ధాన్యం కోసిన కూలి మనిషి ఒక్కడు కూడా అతని మాటల్లో లేడు. అదీ అతని తప్పు. మరుసటి రోజు ఆ సంగతి చెబితే కొట్టు యజమాని నవ్వి, నువ్వు దేవుణ్ణి వదిలేశావు గానీ దేవుడి కాగితాలు వదలడం లేదే అన్నాడు.

ఎనభైలలో ఒక ఏడు వాన మొహం చాటేసింది. విత్తిన జొన్న మొలక దశలోనే మాడిపోయింది. రెండోసారి విత్తినవాళ్ళకు మోకాలెత్తు చొప్ప మాత్రం వచ్చింది, దాన్ని పశువులకు కోసేశారు. పేటలో కళ్ళం చేసినవాళ్ళు లేరు. మగవాళ్ళు చాలామంది బండల గనుల్లో కూలికి అవుకు వైపు వెళ్ళిపోయారు. ఆ ఏడు కోతల పండుగ ఉండదనుకున్నాం. కానీ ఉందని కబురొచ్చింది.

దానికి కారణం గుడి నేల. మట్టి నేల తీసేసి నున్నని బండలు పరిపించాలని సంఘ పెద్దల్లో ఒకాయన పట్టుబట్టాడు. ఆయన మా పేట మనిషే. కుర్రతనంలో గనుల్లో బండలు మోసి, తర్వాత బండల కాంట్రాక్టరై, లారీ కొన్నాడు. మా వాళ్ళలో లారీ కొన్న మొదటివాడు. బండలు తాను ఉచితంగా ఇస్తానన్నాడు. పరిచే కూలి పండుగ వేలంలో రావాలి. ఆయన చెడ్డవాడని నేను అనను. పిల్లల బడి ఫీజులు కట్టాడు, జబ్బుపడినవాళ్ళను లారీలో ఆస్పత్రికి చేర్చాడు. కానీ తన సంపద దేవుడి మెప్పుకు గుర్తని ఆయన నిజంగా నమ్మాడు. గుడిలో బోధించే అయ్యగారు కూడా ఆయన్ని చూపించి, ఆశీర్వాదమంటే ఇదీ అని చెప్పేవారు. ఆ తర్కం ఎక్కడికి పోతుందో ఎవరూ చూడలేదు. ఆయనది ఆశీర్వాదమైతే మా పెద్దమ్మది ఏమిటి?

ఆయన గని నుంచి దించిన బండలు నిలవ చేసుకోవడానికి దారి పక్క చేలు గుత్తకు తీసుకునేవాడు. మా పెద్దమ్మ చేను దారి పక్కనే. చాలా ఏళ్ళుగా అడుగుతున్నాడు, ఆమె ఇవ్వడం లేదు. బండలు దించి, లారీ తిరిగిన నేల గట్టిపడి మళ్ళీ దున్నే మడకకు లొంగదు. చుట్టుపక్కల అలా పోయిన చేలు ఆమె కళ్ళముందే ఉన్నాయి. సాగులో ఉన్నంతకాలం ఆమె కాదనగలదు. ఒక్క ఏడు బీడు పెడితే కాదనడానికి కారణం ఉండదు, తినడానికి గింజ కూడా ఉండదు.

పండుగ ముందు రోజు శనివారం, ఒంటిపూట బడి కాగానే బస్సెక్కి మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. పెద్దమ్మ అటక మీది విత్తనాల కుండ కిందికి దించి, మూతికి మెత్తిన పేడ గీకుతోంది. ఆ కుండ విత్తే రోజు తప్ప ఎన్నడూ కిందికి దిగదు. మాడిపోయిన విత్తనం పోగా, అంతకు ముందు ఏటి మంచి కంకుల్లో ఏరి పక్కన పెట్టుకున్నది ఆ కుండలో ఉంది.

"ఏంది పెద్దమ్మా, ఇత్తనాల కుండ దించినావు?"

"రేపు పండగ గదా."

"పండగకు ఇత్తనమా?"

"ఇంగేముండాది ఇంట్లో. నువ్వే యెతుకు పో."

వెతకనవసరం లేదు. పొయ్యి పక్కన రేషను నూకలు తప్ప ఇంట్లో ఏమీ లేదని కనిపిస్తూనే ఉంది. ఈ ఏడు వెళ్ళవద్దు, పేరు పిలిస్తే కూర్చోమన్నాను. ఆమె చెయ్యి ఆపకుండా, పెళ్ళయి ఈ పేటకు వచ్చినప్పటినుంచి ఒక్క ఏడు కూడా కూర్చోలేదని, ఇప్పుడు కూర్చుంటే ఆ ముసల్ది చితికిపోయిందని పేటంతా అనుకుంటుందని చెప్పింది. అయ్యగారు వారం కిందట ఇంటికి వచ్చి, లేమిలో ఇచ్చేదే నిజమైన కానుక అని బీద విధవరాలి కథ చెప్పి ప్రార్థన చేసి వెళ్ళారట.

"వానొస్తే ఏం ఇత్తుతావు మళ్ళా?"

"ఆయన చూస్తాడు లే."

"ఏ ఆయన? పైనుండే ఆయనా, బండలాయనా?"

ఆమె గీకే కొడవలి పక్కన పెట్టింది. "నంద్యాల నీళ్ళు తాగి నాలిక నూరుకోనొచ్చినావు. ఈడ కోసేకి పంట లేదు నాయనా. పో, కాళ్ళు కడుక్కో."

నేను కాళ్ళు కడుక్కోలేదు. నేరుగా అయ్యగారి ఇంటికి వెళ్ళాను.

ఆయన దూరపు ప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, సన్నగా, ఎప్పుడూ అలసిపోయినట్టు ఉండేవారు. మర్యాదగా కూర్చోబెట్టారు. ఆ విత్తనం తీసుకోవద్దని అడిగాను. కానుక వద్దనే అధికారం తనకు లేదన్నారు. ఇచ్చేవాళ్ళ మనసు దేవుడికీ వాళ్ళకూ మధ్య సంగతి అన్నారు. మరి ఇల్లిల్లూ తిరిగి ఆ విధవరాలి కథ చెప్పినది ఎవరన్నాను.

అప్పుడు నేను ఆ కథకు ముందున్న వచనాలు చదివారా అని అడిగాను. కథకు సరిగ్గా ముందు ఏసు శాస్త్రులను, అంటే ఆనాటి ధర్మశాస్త్ర పండితులను, ఎండగడతాడు. పొడుగు అంగీలు వేసుకొని, ముందు పీటలు కోరుకొని, పెద్ద పెద్ద ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగేవాళ్ళని అంటాడు. ఆ మాట నోట్లో ఉండగానే ఒక విధవరాలు వచ్చి బ్రతుకుతెరువంతా పెట్టెలో వేస్తుంది. చూశారా, ఇదీ మింగడమంటే అని చూపించినట్టు లేదా? ఆమెలాగ వేయండని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ వెంటనే శిష్యులు గుడి రాళ్ళు ఎంత అందంగా ఉన్నాయో అని మురిసిపోతే, వీటిలో రాయి మీద రాయి నిలవదంటాడు. ముందు మింగేవాళ్ళు, వెనుక కూలిపోయే రాళ్ళు, నడుమ విధవరాలు. మీరు ముందూ వెనుకా కత్తిరించి నడిమిదొక్కటే చదువుతున్నారు అన్నాను.

అయ్యగారు బల్ల మీది పాఠాల పట్టిక తిరగేశారు. తర్వాత, ఆ భాగాలు వేరువేరు ఆదివారాల పాఠాల్లో పడ్డాయి అన్నారు. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు.

"నీకు నమ్మకం లేదు కదా. ఈ గ్రంథంతో నీకెందుకింత పట్టుదల?"

"నమ్మకం మీది అయ్యగారూ. ఆకలి మాది. పుస్తకం మాత్రం ఇద్దరిదీ."

ఆదివారం నేను గుడికి వెళ్ళాను. ఎన్నో ఏళ్ళ తర్వాత నన్ను చూసి కొందరు పక్కకు జరిగి చోటిచ్చారు, కొందరు గుసగుసలాడారు. గుడి గోడ వారగా కొత్త బండలు పేర్చి ఉన్నాయి. పేర్లు పిలిచారు. ఒక్కొక్క ఇంటి ఆడమనిషీ లేచి వెళ్ళింది. ఆ ఏడు కంకుల కట్ట ఒక్కటీ లేదు. అందరి చేతుల్లో కుండలు, ముంతలు, గుడ్డ మూటలు. ఎవరూ పక్కవాళ్ళ కుండ వైపు చూడడం లేదు. మా పెద్దమ్మ పేరు పిలిస్తే ఆమె నిటారుగా నడిచి వెళ్ళి, కుండ దించి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి కూర్చుంది.

వసారాలో వేలం మొదలైంది. రెండు కోళ్ళు, ఒక గుమ్మడికాయ అయ్యాయి. తర్వాత పెద్దమ్మ కుండ వచ్చింది. పాట పాడించే పెద్ద గింజ చూపించడానికి కుండలో చెయ్యి పెట్టి పిడికెడు పైకెత్తాడు. తెల్లగా ఉండాల్సిన జొన్న బూడిద రంగులో ఉంది. పిడికిట్లోంచి బూడిద జారింది. ఎండిన వేపాకు ఒకటి గాలికి ఎగిరింది. తినే గింజకు ఎవరూ బూడిద పూయరు, పురుగు పట్టకుండా విత్తనానికే పూస్తారు. ఆ మాట మా పేటలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

నేను లేచి ముందుకు వెళ్ళాను. పక్కనున్న ముంతలో చెయ్యి పెట్టాను, బూడిద. దాని పక్క మూట విప్పాను, బూడిద, వేపాకు. ఇంకొక కుండ, ఇంకొక మూట. కొర్రలు, అనపలు, జొన్నలు, అన్నీ బూడిద పూసినవే. ప్రతి ఇంటి ఆడమనిషీ అటక మీది కుండ దించింది. ప్రతి ఒక్కతీ తనకొక్కదానికే ఈ గతి పట్టిందనుకొని, పక్కింటికి తెలియకుండా తెచ్చింది. పేట మొత్తం వచ్చే ఏటి పంట ఆ వసారాలో అమ్మకానికి ఉంది.

"ఇది పంట గాదు. అంతా ఇత్తనమే," అన్నాను.

ఎవరూ తల ఎత్తలేదు. కాంట్రాక్టరు ముందు పీట మీంచి లేచాడు. ఆయన గొంతులో కోపం లేదు, దయ ఉంది. ఇప్పటికీ నన్ను భయపెట్టేది ఆ దయే.

"ఏదైతేనేం సారూ. దేవునికిచ్చింది దేవునిదే. అంతా కలిపి నేనే పాడతాండా. వానొచ్చినాక ఎవరికి గావల్లో వచ్చి నాగుకు తీస్కోండి. ఒక్కరికీ లేదనను."

నాగు అంటే మా సీమలో అందరికీ తెలిసిన పద్ధతి. విత్తే వేళ గింజ ఇస్తారు, కోతలకు దానికి సగం కలిపి కొలుచుకుంటారు. పంట రాకపోతే ఆ సగం మీద మరో సగం. చివరికి చేను. పెద్దలు కొందరు అప్పటికే సరే సరే అంటున్నారు. పేట విత్తనమంతా ఒక్క ఇంటి కొట్లోకి, అందరి ప్రార్థనల మధ్య, వెళ్ళిపోవడానికి ఒక్క మాట చాలు.

అప్పుడు మా పెద్దమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి వచ్చి, వేలం బల్లకూ కుండలకూ మధ్య నేల మీద కూర్చుంది.

"పాడొద్దు," అంది.

"ఏందక్కా, ఇచ్చింది మళ్ళా తీస్కుంటాండావా?" కాంట్రాక్టరు నవ్వాడు. వెనుక కొందరు నవ్వారు.

"తీస్కోను. ఇచ్చింది ఇచ్చిందే. దేవునికి ఇత్తనమిచ్చినా నేను. ఇత్తనాన్ని ఇత్తల్ల, అమ్మగూడదు."

"ఎవరిత్తుతారు? దేవుడొచ్చి మడక పడతాడా?"

"భూమంతా ఆయనదేనని అయ్యగారు చెప్తాండారు గదా. ఆ భూమిలో మేం ఇత్తుతాం. అప్పటిదాంకా నేనీడనే కూచ్చుంటా."

నవ్వులు ఆగిపోయాయి. ఒక ముసలామె వచ్చి ఆమె పక్కన కూర్చుంది. తర్వాత ఇంకొకామె, పసిబిడ్డనెత్తుకొని. ఒకరి వెనుక ఒకరు, కుండ తెచ్చిన ఆడవాళ్ళందరూ వచ్చి కూర్చున్నారు. నేను అయ్యగారి వైపు తిరిగి, ఆ విధవరాలి కథ ఇప్పుడు చదవండి, కొంచెం ముందు నుంచి, కొంచెం వెనుక దాకా అన్నాను. అంతకు మించి ఒక్క మాట కూడా కలపలేదు. వాదనలో ఎక్కడ ఆపాలో మా బడి అయ్యవారు నేర్పించారు.

అయ్యగారు పెద్దల వైపు ఒకసారి చూశారు. ఆయన జీతం ఆ పెద్దల సంతకం మీద ఆధారపడి ఉంది. పుస్తకం తెరిచారు. విధవరాళ్ళ ఇళ్ళు మింగేవాళ్ళ దగ్గర మొదలుపెట్టి, రెండు కాసులు దాటి, రాయి మీద రాయి నిలవదన్న చోటిదాకా గొంతు తగ్గించకుండా చదివారు. పుస్తకం మూసి, ఈరోజు విత్తనానికి వేలం లేదని చెప్పారు.

కాంట్రాక్టరు నా వైపు తిరిగాడు. ఆయన్ని అంత మంది ముందు ఎవరైనా కాదనడం అదే మొదటిసారి.

"నేను బండలు మోసినప్పుడు నాకెవరిచ్చినారు ఇత్తనం?" అన్నాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

"ఎవరూ ఇయ్యలేదన్నా," అన్నాను. "అందుకే ఇప్పుడన్నా ఇయ్యల్ల."

ఆయన వసారా దిగి వెళ్ళిపోయాడు. మరుసటి రోజే లారీ వచ్చి బండలు ఎత్తుకుపోయింది.

విత్తనం గుడి పక్క గదిలో పెట్టారు. పద్ధతి అక్కడే ఆడవాళ్ళు తేల్చుకున్నారు. విత్తే వేళ ఎవరి చేనుకు కావలసినంత వాళ్ళు తీసుకోవాలి. పంటొస్తే ఎంత తీసుకున్నారో అంతే తిరిగి కొలవాలి, పైన గింజ కూడా వద్దు. పంట రాకపోతే మరుసటి ఏడు. నేను కాగితం మీద రాస్తానంటే వద్దన్నారు. ఎవరు ఎంత తెచ్చారో, ఎవరికి ఎంత కావాలో అందరికీ తెలుసు, రాసుకునేది దాచుకోవాలనుకునేవాళ్ళు అన్నారు.

దీనికి మూల్యం అయ్యగారు చెల్లించారు. నంద్యాలలోని పై అధికారులకు ఫిర్యాదులు వెళ్ళాయి. ఎండాకాలం ముగియకముందే ఆయన్ని నందికొట్కూరు అవతల ఒక చిన్న సంఘానికి మార్చారు. వెళ్ళే ముందు నంద్యాలలో నా గదికి వచ్చి టీ తాగారు. నన్ను మార్చడానికి ప్రయత్నించలేదు. తాను ఇన్నేళ్ళూ ఆ వచనాలు ఒకే గుక్కలో చదవలేదని మాత్రం చెప్పారు. ఆ రోజు నాకు ఆయన మీద కలిగిన గౌరవం ఈనాటికీ తగ్గలేదు.

బట్టల కొట్టు అరుగు మీద నా మిత్రులు నన్ను వదల్లేదు. వేలం ఆపించావు సరే, ఆ ఆడవాళ్ళను గుడిలోంచి బయటికి తీసుకురాకుండా వాళ్ళ దేవుడి మాటతోనే వాళ్ళను గెలిపించావు, ఇది హేతువాదమేనా అని నిలదీశారు. నేను చెప్పినదే ఇప్పుడూ చెబుతున్నాను. ఆకలితో ఉన్నవాడికి పరలోకంలో ధనం చూపించడం మోసం. ఆ మోసాన్ని బయట పెట్టడానికి మోసగాడి చేతిలోని పుస్తకమే పనికొస్తే దాన్ని వాడడానికి నాకు సిగ్గు లేదు. ఆత్మ సంపద అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఒక్కటే. ఆ రోజు నేల మీద కూర్చున్న ఆడవాళ్ళకు ఒకరి కుండ ఒకరు చూసే ధైర్యం వచ్చింది. అంతవరకూ ఒక్కొక్కతీ బీదది. కూర్చున్నాక వాళ్ళ దగ్గర ఒక పేటకు సరిపడే విత్తనం ఉంది. ఇందులో దేవుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు, వెతకవలసిన పని కూడా నాకు లేదు.

ఆ ఎండాకాలం కాంట్రాక్టరు మనుషులు చేను గుత్త కోసం రెండుసార్లు పెద్దమ్మ దగ్గరికి వచ్చారు. వాన రాదు, ఊరికే బీడు పెట్టుకొని ఏం చేస్తావన్నారు. విత్తనముందని చెప్పి పంపించింది. వాన ఆలస్యమైంది. విత్తే అదను దాటిపోతోందనగా ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి, సాయంత్రం దాకా కురిసింది. నేను బడికి సెలవు పెట్టి వచ్చేశాను. పేటంతా గుడి పక్క గది ముందు చేరింది. బూడిద దులిపే చేతులు, కొలిచే చేతులు, అరుపులు, నవ్వులు.

నేల పదును చూసి తెల్లవారగానే చేనికి వెళ్ళాం. ఎద్దులు పక్కింటివి, విత్తే గొర్రు ఎవరిదో. నేను పగ్గాలు పట్టుకున్నాను. పెద్దమ్మ విత్తనం ఒడిలో పోసుకొని, గొర్రు వెనుక గింజ పోసే జడ్డిగం దగ్గర నిలబడింది. మొదటి సాలు పట్టే ముందు కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఆమె ప్రార్థన ఎప్పుడూ పొడుగే. నేను కళ్ళు మూసుకోలేదు, తల వంచలేదు. ఎద్దులు అడుగు వేయకుండా పగ్గాలు బిగించి పట్టుకొని నిలబడ్డాను. కాలి కింద రేగడి మెత్తగా దిగుతోంది. అవతల చేలో మరొక గొర్రు అప్పటికే కదిలింది.

ఆమె కళ్ళు తెరిచి, పిడికెడు గింజలు తీసుకొని, చెయ్యి జడ్డిగం మీదికి తెచ్చింది.

"తోలు," అంది.